తలుపులు తెరిస్తే లాభం అందరిది, తక్లీబు కొందరిది

ఒక్కటే ఫోన్ల రెండు తీర్ల వీడియోలు తిరుగుతున్నయ్. ఒకదాంట్ల అమెరికోడు "ఇండియా పోరగాళ్లు మా నౌకర్లు గుంజుకుంటున్రు, వాపస్ పంపుండ్రి" అంటడు. అది చూస్తే మనకు మండుతది. ఇంకోదాంట్ల మనోడే "బీహారోళ్లు వచ్చి మా కైకిలి ఖతం చేసిన్రు" అంటడు. దాన్ని మాత్రం నలుగురికి పంపుతం. జర ఆగి చూస్తే రెండూ ఒక్కటే ముచ్చట. కాకుంటే ఒకదాంట్ల మనం పోయినోళ్లం, ఇంకోదాంట్ల ఉన్నోళ్లం.

2025 సెప్టెంబర్ల ట్రంప్ సర్కారు కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టిన కాడికెల్లి మన ఊర్లల్ల గూడ గిదే చర్చ. ఒక దేశం తలుపులు బార్ల తెరిస్తే ఇరవై ఏండ్లకు ఏమైతది? పైసల లెక్కల ఏమైతది, ఓట్ల లెక్కల ఏమైతది? దీనికి ఊహలు అక్కర లేదు. తెరిచి చూసిన దేశమే ఉన్నది. అది బ్రిటన్.

నేను చెప్పేది ముందే చెప్త. తలుపులు తెరిస్తే వచ్చే లాభం మెల్లగ వస్తది, అందరికి కొంచెం కొంచెం పోతది. తక్లీబు జల్ది వస్తది, కొన్ని ఊర్ల మీద, కొందరు గరీబోళ్ల మీదనే పడ్తది. లాభమొచ్చినోడు దాన్ని యాది పెట్టుకొని ఓటెయ్యడు. దెబ్బ తాకినోడు మర్వడు, ఏస్తడు. ఆ లాభంల కొంత తీసి దెబ్బ తాకిన కాడ పెట్టకపోతే, తెరిచిన తలుపు ఎక్కువ రోజులు తెరిచి ఉండదు.

2004 మే 1న ఏమైంది?

యూరోపియన్ యూనియన్‌ల ఉన్న దేశపోళ్లు అండ్ల ఏ దేశానికైనా వీసా లేకుంట పోయి పని చేసుకోవచ్చు. మనం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ పోయినంత సులువు. 2004 మే 1న ఆ యూనియన్‌ల పది కొత్త దేశాలు కలిసినయ్. అండ్ల ఎనిమిది పోలండ్, లిథువేనియా, లాత్వియా అసొంటి తూర్పు దిక్కు దేశాలు. అక్కడ జీతాలు తక్కువ. పోలండ్‌ల ఐదుగురు పని కోసం చూస్తే ఒకలకు దొరకని రోజులవి.

పాత దేశాలకు ఒక వెసులుబాటు ఇచ్చిన్రు. భయమైతే ఏడేండ్ల దాకా తలుపు మూసి పెట్టుకోవచ్చు. జర్మనీ, ఆస్ట్రియా 2011 దాకా మూసే పెట్టినయ్. మొదటి రోజే తెరిచినయి మూడే దేశాలు: బ్రిటన్, ఐర్లాండ్, స్వీడన్.

ఎంతమంది వస్తరని బ్రిటన్ సర్కారు ముందుగాల ఒక అంచనా ఏపిచ్చింది. ఏడాదికి 5 వేల నుంచి 13 వేల మంది అన్నరు. జర్మనీ గూడ తలుపు తెరుస్తదనుకొని కట్టిన లెక్క అది. జర్మనీ తెరవలే. దాంతోని జనం బ్రిటన్ బాట పట్టిన్రు. ఇంగ్లండ్, వేల్స్‌ల కలిపి పోలండ్‌ల పుట్టినోళ్లు 2001 జనాభా లెక్కల 58 వేల మంది. 2011 వచ్చేసరికి 5 లక్షల 79 వేలు. పదేండ్లల పదింతలు.

వీళ్లు వచ్చి ఏం పని చేసిన్రు? కూరగాయల తోటలు, ప్యాకింగ్ షెడ్లు, బిల్డింగులు, హోటళ్లు, ముసలోళ్లను చూసుకునే కేర్ హోమ్‌లు. అక్కడోళ్లు చేస్తలేరని మాలకులు మొత్తుకునే పనులే.

కూలి రేటు పడ్డదా?

అందరు అడిగేది గిదే. "పది మంది చేసే పనికి ఇరవై మంది వస్తే కూలి సగం కాదా?" పని ఒక గంప రొట్టెల లెక్క, ఒకడు తింటే ఇంకోనికి ఉండదు అనుకుంటే అట్లనే అనిపిస్తది. కని వచ్చినోడు పని చేసే మనిషే గాదు, తినే మనిషి గూడ. కిరాయి కడ్తడు, కిరాణా కొంటడు, బట్టలు కుట్టిచ్చుకుంటడు. వాని ఖర్చు ఇంకొకనికి పని. ఇంకోటి, కూలోళ్లు దొరుకుతరని తెలిస్తే మాలకు ఐదెకరాల కాడ పదెకరాలు ఏస్తడు. కొత్త షెడ్డు కడ్తడు. గందుకే పని గూడ పెరుగుతది.

దీన్ని పరీక్ష పెట్టి చూసినట్టే ఒక సంగతి అమెరికాల జరిగింది. 1980ల క్యూబా పాలకుడు ఫిడెల్ కాస్ట్రో మరియేల్ అనే రేవును తెరిచి, పోయేటోళ్లు పోవచ్చన్నడు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సుమారు లక్షా 25 వేల మంది పడవలల్ల అమెరికా చేరిన్రు. ఎక్కువ మంది మయామీ పట్నంల దిగిన్రు. ఆ ఊర్ల పని చేసేటోళ్లు ఒక్క దెబ్బకు 7 శాతం పెరిగిన్రు. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త 1990ల లెక్కలు తీసి చూస్తే, అంతకు ముందున్నోళ్ల జీతాలు గాని నౌకర్లు గాని పడిపోయినట్టు కనవడలే. ఆయనకు 2021ల నోబెల్ వచ్చింది. జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త మాత్రం ఒప్పుకోలే. ఆయన గూడ క్యూబాల పుట్టి వలస వచ్చినోడే. బడి మధ్యల ఇడిసి పెట్టినోళ్లను వేరే తీసి చూస్తే వాళ్ల జీతాలు బాగా పడ్డయ్ అన్నడు. ఇద్దరి పంచాది ఇంక తెగలే.

బ్రిటన్‌ల సర్కారు పెట్టిన వలసల సలహా కమిటీ 2018ల రిపోర్టు ఇచ్చింది. యూరప్ నుంచి వచ్చినోళ్లతోని అక్కడోళ్ల నౌకర్లు, జీతాల మీద మొత్తం మీద పెద్ద ఫరక్ లేదన్నది. తక్కువ జీతపోళ్ల మీద కొంచెం దెబ్బ ఉండొచ్చన్నది. వచ్చినోళ్లు సర్కారు నుంచి తీసుకునేదాని కంటే పన్నుల రూపంల కట్టేదే ఎక్కువ అన్నది.

అంటే దేశం మునగలే, లాభమే అయ్యింది. కని "మొత్తం మీద" అనే మాటలనే అసలు తిరకాసు ఉన్నది.

బోస్టన్ అనే చిన్న టౌను

ఇంగ్లండ్‌కు తూర్పు దిక్కు లింకన్‌షైర్‌ల బోస్టన్ అని ఒక చిన్న టౌను ఉన్నది. అమెరికా బోస్టన్ కాదు. మంచి భూములు. గోబి, గోబిపువ్వు, ఆలుగడ్డ పండుతయ్. తోటలల్ల, ప్యాకింగ్ షెడ్లల్ల పనికి తూర్పు యూరప్ జనం దిగిన్రు. 2001ల పెద్దగ లేనోళ్లు, 2011 నాటికి ఆ టౌనుల పది మందిల ఒక్కలైన్రు.

2016 జూన్ 23న యూరోపియన్ యూనియన్‌ల ఉండాల్నా వద్దా అని బ్రిటన్‌ల ఓటింగ్ పెట్టిన్రు. దేశం మొత్తంల 51.9 శాతం "వద్దు" అన్నరు. బోస్టన్‌ల 75.6 శాతం. దేశంల అన్నిటికంటే ఎక్కువ గదే. అదే లండన్‌ల మూడొంతుల జనంల ఒక వంతు కంటే ఎక్కువ బయట పుట్టినోళ్లే. మరి లండన్ ఏమన్నది? 60 శాతం "ఉండాలె" అన్నది.

గీడనే సోయి పెట్టి చూడాలె. బయటోళ్లు ఎక్కువున్న కాడ కోపం ఎక్కువ లేదు. జల్ది మారిన కాడ ఉన్నది. లండన్‌కు వందేండ్ల సంది బయటోళ్లు అలవాటు. బోస్టన్‌ల పదేండ్లల బజారు భాష, దుకాన్ల బోర్డులు, బడిల పిల్లల మాటలు మారినయ్. మనిషికి పైసలొక్కటే కాదు, నా ఊరు నాది అనే పాణం గూడ ఉంటది. దాన్ని ఎక్కిరిస్తే ఓటు ఇంకా అటే పోతది.

ఇంకో ముచ్చట. బోస్టన్ తోటల పని చేసినోడు కట్టిన పన్ను ఏడికి పోయింది? లండన్‌ల ఖజానాకు. లాభం? తోట మాలకుకు, సూపర్ మార్కెట్‌కు, అగ్గువకు గోబి కొనుక్కున్న దేశం మొత్తానికి. మరి బోస్టన్‌ల కిరాయికి ఉండే గరీబోనికి ఏం మిగిలింది? దవాఖాన కాడ లైను, బడిల సీటుకు లైను, కిరాయిల పోటీ.

ఈ సంగతి అక్కడి సర్కారుకు తెల్వంది కాదు. 2009ల గోర్డన్ బ్రౌన్ సర్కారు ఒక ఫండు పెట్టింది. వీసా ఫీజు మీద కొంచెం ఎక్కువ వసూలు చేసి, వలసలు ఎక్కువైన ఊర్లల్ల బడులకు, దవాఖానలకు ఇచ్చుడు. 2010ల కొత్త సర్కారు ఖర్చులు తగ్గిస్తున్నమని దాన్ని ఎత్తేసింది. ఆ ఫండు ఉంటే బ్రెగ్జిట్ ఆగుతుండె అని నేననను, అది మరీ చిన్న ఫండు. కని తలుపు తెరిచే ఉంచి, దెబ్బ తాకినోనికి ఇచ్చే మందు మాత్రం ఆపేసిన్రు.

తలుపు మూసినంక?

2020 ఆఖరుతోని యూరప్ జనానికి తలుపు మూసిన్రు. 2021 సంది చదువు, జీతం చూసి వీసా ఇచ్చే పద్ధతి పెట్టిన్రు. అయితే మనుషులను వద్దన్నంత మాత్రాన పని ఆగుతదా? ముసలోళ్లను ఎవలో ఒకలు చూసుకోవాలె. దవాఖానలకు నర్సులు కావాలె. యూనివర్సిటీలు బయటి పిల్లల ఫీజుల మీదనే నడుస్తున్నయ్. పోలండ్ పోరగాడు రాకపోతే ఇండియా పోరగాడు, నైజీరియా పోరగాడు వచ్చిన్రు. ఓటింగ్ నాడు పోయినోళ్లు పోంగ ఏడాదికి మిగిలేటోళ్లు సుమారు 3 లక్షల 30 వేలు ఉంటే, 2023ల అది 9 లక్షలకు అటీటు అయ్యింది. వద్దని ఓటేసినంక మూడింతలకు దగ్గర పడ్డది.

అండ్ల మనోళ్లు గూడ మస్తు మంది ఉన్నరు. భూమి కుదువ పెట్టి మాస్టర్స్‌కు పోయినోళ్లు, భార్యనో భర్తనో ఎంబడి పట్టుకపోయినోళ్లు. లెక్క బయట పడంగనే మల్ల కోపం లేసింది. 2024 జనవరి నుంచి ఎక్కువ కోర్సులల్ల స్టూడెంట్లు ఇంటోళ్లను ఎంబడి తీసుకపోవద్దన్నరు. 2025 జులై నుంచి కేర్ వర్కర్లను బయటి దేశం నుంచి కొత్తగ తెచ్చుకునుడు ఆపిన్రు. బోస్టన్ ఉన్న ఎంపీ సీటు 2024 జులైల రిఫార్మ్ యూకే పార్టీకి పోయింది. వలసలు తగ్గియ్యాలె అనేదే ఆ పార్టీ పెద్ద నినాదం.

చూసిన్రా? తెరిచిన నాడు గెలిచినోడు, మూసిన నాడు ఓడినోడు ఒక్కడు కాదు. 2004ల తెరిస్తే ఫాయిదా తోట మాలకుకు అయ్యింది. 2024ల నుక్సాన్ కరీంనగర్ల అప్పు తెచ్చి పోయిన పిల్లగానికి అయ్యింది.

పంపిన ఊర్లకు ఏమైంది?

పోలండ్‌కు మంచే అయ్యింది. 20 శాతం దగ్గరున్న నిరుద్యోగం 2019 నాటికి 3 శాతం చుట్టూ దిగింది. పోయినోళ్లు పోంగ పనోళ్లు తక్కువై జీతాలు పెరిగినయ్. దాంతోని పాటు యూనియన్ నుంచి ఫండ్లు, కొత్త కార్ఖానాలు గూడ వచ్చినయ్. ఇయ్యాల పోలండే యుక్రెయిన్ జనాన్ని పనికి తీసుకుంటున్నది.

లాత్వియా కథ వేరు. 2000ల 23 లక్షల 80 వేలున్న జనాభా 2021 నాటికి 19 లక్షలకు పడ్డది. పుట్టేటోళ్లు తక్కువైన్రు, పోయేటోళ్లు ఎక్కువైన్రు. పోయేది వయసులున్నోళ్లు. మిగిలేది ముసలోళ్లు, పిల్లలు చాలక మూసే బడి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు పల్లెలు చూసినోళ్లకు ఇది ఇడమర్సి చెప్పే పని లేదు. రెండంతస్తుల బిల్డింగు ఉంటది, అండ్ల ఒక్క ముసలవ్వ ఉంటది.

గల్ఫ్ లెక్క వేరే ఎందుకు?

ఇక్కడ మీకో అనుమానం రావాలె. దుబాయ్ ఉన్న యూఏఈల, ఖతర్‌ల పది మందిల తొమ్మిది మంది దాకా బయటోళ్లే. బోస్టన్‌ల పదిట్ల ఒక్కడుంటేనే గంత లొల్లి అయితే, అక్కడ ఎందుకు కాలే?

ఎందుకంటే అక్కడ వచ్చినోనికి ఓటు లేదు, పౌరసత్వం లేదు, వీసా కఫీల్ చేతుల ఉంటది. పని అయిపోతే వాపస్. ఆడ పుట్టిన పిల్లగాడు గూడ ఆ దేశపోడు కాడు. అక్కడి పౌరులకు సర్కారు నౌకర్లు, సవలత్‌లు దొరుకుతయ్. అంటే వచ్చినోని హక్కులు కోసి, ఉన్నోని కోపాన్ని పైసలతోని కొన్నరు. మార్టిన్ రూస్ అనే పరిశోధకుడు 2013ల రాసిన పుస్తకంల ఈ సంగతే చెప్పిండు: కింది పనికి వచ్చేటోళ్లకు హక్కులు ఎక్కువిచ్చే దేశాలు తక్కువ మందిని తీసుకుంటయ్, ఎక్కువ మందిని తీసుకునే దేశాలు హక్కులు తక్కువిస్తయ్.

గందుకే పదో తరగతి ఫెయిలైనోనికి గల్ఫ్ తలుపు దొరుకుతది, లండన్ తలుపు దొరుకది. గల్ఫ్ తలుపు పెద్దగ ఎందుకున్నదంటే, దాని ధర మనోడే కట్టిండు. ఖతర్ 2020ల కంపెనీ మారాలంటే మాలకు పర్మిషన్ అక్కర లేదని చట్టం మార్చింది. తర్వాత 1000 రియాళ్ల కనీస జీతం పెట్టింది. మంచి మార్పే. ఓటు మాత్రం ఇంక లేదు.

హక్కులిచ్చిన కాడ ఇంకో ముచ్చట జరుగుతది. మయామీల క్యూబా జనం దిగిన ఏడాదే, 1980 నవంబర్ల, జిల్లా సర్కారు కామం ఇంగ్లీషు తప్ప వేరే భాషల చెయ్యొద్దని అక్కడోళ్లు ఓటేసిన్రు. ఐదేండ్లు తిరిగేసరికి, 1985ల, క్యూబాల పుట్టిన జేవియర్ స్వారెజ్ మయామీ మేయర్ అయ్యిండు. 1993ల ఆ భాష రూలే ఎత్తేసిన్రు. మన హైదరాబాద్‌ల పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్. హైదరాబాద్‌లనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబర్ల వర్జీనియాల అదే పదవికి గెలిచింది. మొదటి పదేండ్లు ఉన్నోళ్ల కోపం ఓటేస్తది, ఆ తర్వాత వచ్చినోళ్లు, వాళ్ల పిల్లలు ఓటేస్తరు. గల్ఫ్‌ల ముప్పై ఏండ్లు చేసినోడు ముసలితనంల ఒక సూట్‌కేసుతోని వాపస్ వస్తడు.

మన గడ్డ మీద గిదే లెక్క

తెలంగాణోనికి ఈ కథ కొత్త కాదు. నిజాం జమానాలనే 1919ల ముల్కీ రూల్స్ పెట్టిన్రు. పదిహేనేండ్లు ఇక్కడ ఉంటేనే సర్కారు నౌకరి. ఆ రూల్స్ పక్కకు పెట్టి బయటోళ్లకు నౌకర్లు ఇస్తున్నరని 1952ల పోరగాళ్లు సడక్ మీదికొచ్చిన్రు. 1956ల ఆంధ్రతోని కలిపేటప్పుడు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. అండ్ల ఏమున్నది? తెలంగాణల మిగిలిన పైసలు తెలంగాణలనే ఖర్చు పెట్టాలె, నౌకర్లు ఇక్కడోళ్లకు ఇయ్యాలె. లాభమొచ్చిన కాడి పైసలు దెబ్బ తాకే కాడ పెట్టుడు అంటే గదే కదా. ఆ ఒప్పందం తప్పిన్రు. 1969 వచ్చింది. 2014 దాకా ఆ మంట ఆరలే. మన కొట్లాట మనుషుల మీద కాదు, తప్పిన మాట మీద.

మరి ఇయ్యాల మన కాడికి వచ్చేటోళ్ల ముచ్చట ఏంది? 2020 మే 1న, లాక్‌డౌన్‌ల, లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌ల హటియాకు వలస కూలీల రైలు పోయింది. దేశంల గసొంటి రైలు గదే మొదటిది. వారం రోజులకు, మే 8న, అదే లింగంపల్లికి బీహార్ ఖగారియా నుంచి రైలు వచ్చింది. అండ్ల రెండు వందల మందికి పైగ రైస్ మిల్లు హమాలీలు. వడ్లు కొనుడు నడుస్తున్నది, బస్తా లేపేటోళ్లు లేరు. మన అన్నం ఎవల భుజాల మీద వస్తున్నదో ఆ రైలే చెప్పింది.

అట్లని నాట్లేసే అక్క మాట తీసి పారెయ్యొద్దు. బయటి గ్యాంగులు ఎకరానికి గుత్త మాట్లాడుకుంటే రైతుకు పని జల్ది అయితది, మిల్లుకు ఫాయిదా, తినేటోనికి బియ్యం. భూమి లేని అక్కకు మాత్రం కైకిలి రోజులు తక్కువైతయ్. బోస్టన్ గరీబోడు, మన అక్క, ఇద్దరిది ఒక్కటే జాగ. అక్క కోపం తప్పు కాదు. ఆ కోపాన్ని బీహార్ పిల్లగాని దిక్కు తిప్పుడు తప్పు. దేశంల ఏడికైనా పోయి ఉండే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. ఆ హక్కుతోనే మనోళ్లు ముంబై, భీవండి, సూరత్ పోయి మగ్గాలు నడిపిన్రు.

అడగాల్సింది వేరే ఉన్నది. బయటి రాష్ట్రం నుంచి కంట్రాక్టు మీద తెచ్చిన కూలికి లోకల్ కూలి కంటే తక్కువ ఇయ్యొద్దని 1979లనే చట్టం చేసిన్రు, అది 2025 దాకా ఉండె. గసొంటి రూలు మిల్లుల కాడ, ఇటుక బట్టీల కాడ గట్టిగ అమలైతే, అగ్గువకు దొరుకుతడని బయటోన్ని తెచ్చుడు ఉండదు. అవసరముంటేనే తెస్తరు. అప్పుడు అక్క కూలి పడదు, పిల్లగాని కష్టం దోపిడి కాదు. మిల్లుల నుంచి వచ్చే పన్నులల్ల కొంత ఆ ఊరి బడికి, దవాఖానకు తిరిగి రావాలె. ఇది గ్రామసభల లేసి అడగదగ్గ మాట.

పోయేటోళ్లకు గూడ ఒక మాట. ఏజెంటు జీతం చెప్తడు, ఫీజు చెప్తడు. ఆ దేశంల ఎవలు కోపంతోని ఉన్నరు, వచ్చే ఎలక్షన్ ఎప్పుడున్నది, కంపెనీ మారే హక్కు ఉన్నదా, ఇంటోళ్లను తీసుకపోనిస్తరా అనేది చెప్పడు. అప్పు తెచ్చే ముందు ఇవి నాలుగు అడుగుండ్రి. వీసా రూలు మారితే అప్పు మాఫీ కాదు.